ఇదిగో ఇలా అంటే... ఎలా?

వంటలు రాసేవాళ్లం, చీరల గురించి రాసేవాళ్లం, ముగ్గులు పెట్టేవాళ్లం, మొక్కలు పెంచేవాళ్లం అందరం వాడే మాట ఒకటుంది. "ఇదిగో, ఇలా రావాలి." ఆ మాట రాసి కింద ఒక ఫొటో పెట్టేస్తాం. గోంగూర ఎంతవరకు మగ్గాలి? ఇదిగో, ఇలా. పాకం ఎప్పుడు దించాలి? ఇదిగో, ఇలా ఉన్నప్పుడు. చెప్పాల్సిన పని ఫొటోకి అప్పజెప్పి మనం పక్కకు తప్పుకుంటాం. చూసేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. చూపు లేనివాళ్లకి మాత్రం సరిగ్గా అసలు సంగతి చెప్పాల్సిన చోటే తలుపు మూసుకుంటుంది.

"చూపు లేనివాళ్లు మన బ్లాగులేం చదువుతారండీ?" అంటారేమో. చదువుతారు. ఇప్పుడు మనందరి చేతుల్లో ఉన్న మామూలు ఫోన్లలోనే తెర మీది మాటల్ని పైకి చదివి వినిపించే సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో దాని పేరు టాక్‌బ్యాక్. ఐఫోనులో వాయిస్‌ఓవర్. కంప్యూటరుకైతే ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరికేది ఒకటుంది. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్లు దాన్ని మొదలుపెట్టారు. ఇవన్నీ తెలుగు కూడా చదువుతాయి. వేలితో తెర మీద పక్కకు రాస్తూ పోతుంటే ఒక్కో వాక్యం వినిపిస్తుంది. మనం కళ్లతో చదివే వేగానికి మూడింతలు వేగంగా పెట్టుకుని వినేవాళ్లున్నారు. పక్కన కూర్చున్న మనకి ఒక్క ముక్క అర్థం కాదు.

కానీ ఆ గొంతు చదవగలిగింది అక్షరాలనే. ఫొటో దగ్గరికి వచ్చేసరికి, దాని వెనక ఎవరైనా ఒక మాట రాసి పెట్టి ఉంటే ఆ మాట చదువుతుంది. రాయకపోతే "ఫొటో" అనో "ఇమేజ్" అనో అని ఊరుకుంటుంది. ఒక్కోసారి ఫైలు పేరులో ఉన్న అంకెలన్నీ వరసగా అప్పజెబుతుంది. అలా బొమ్మ వెనక రాసే మాటని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ఇదేమీ నిన్న మొన్న వచ్చిన ఆలోచన కాదు. వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999 మేలో అందరికీ అందుబాటులో ఉండే పేజీల కోసం నియమాలు ఇచ్చింది. అందులో మొట్టమొదటి నియమం ఇదే, బొమ్మ పెడితే దానికి సమానమైన మాట కూడా పెట్టమని. ఇప్పటికి పాతికేళ్లు దాటింది. మనకింకా కొత్తగానే ఉంది.

నాకు ఈ గొడవంతా పట్టడానికి మా పిన్ని కారణం. ఆవిడ ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పింది. నీటికాసులు వచ్చి చూపు కొద్దికొద్దిగా తగ్గి, రిటైరైన నాలుగేళ్లకి పూర్తిగా పోయింది. మొదటి ఏడాది మంచం దిగలేదు. తర్వాత మా తమ్ముడు ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి నేర్పించాడు. ఇప్పుడు పొద్దున్నే వార్తలు వింటుంది, పాత శిష్యులకి వాయిస్ మెసేజీలు పెడుతుంది, కుటుంబం గ్రూపులో ఎవరేం రాసినా అందరికంటే ముందు జవాబిస్తుంది. రాస్తే. ఫొటో పెడితే మాత్రం మౌనం.

కిందటేడు మాఘమాసంలో ఒక రోజు పొద్దున ఆ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నల్లటి కార్డు, రెండు దీపాలు, పూలదండ మధ్యలో మనిషి బొమ్మ, కింద పేరు, ఊరు, అంత్యక్రియల వేళ. అన్నీ ఆ కార్డులోనే. కింద ఒకరి తర్వాత ఒకరు "ఓం శాంతి" అని పెట్టుకుంటూ పోయారు. పిన్ని ఫోను ఆవిడకి ఏం చెప్పిందో ఊహించండి. ఫొటో. ఓం శాంతి. ఓం శాంతి. చేతులు జోడించిన బొమ్మ. ఓం శాంతి. ఎవరో పోయారు. మనవాళ్లే. ఎవరో తెలీదు. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా అన్నాను నేను ఆ తర్వాత. "ఎవరికి చెయ్యనే? చేసిన ఇంట్లోనే పోయుంటే? మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడగనా?" అంది. పదకొండు ఓం శాంతులు విని, తనకి తెలిసిన పెద్దవాళ్లందరినీ ఒక్కొక్కళ్లనీ మనసులో చంపుకుంటూ, మళ్లీ బతికించుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది. పోయింది తనతో చిన్నప్పుడు ఒకే బడికి వెళ్లిన మా పెద్దమ్మగారి మరిది. ఆఖరిచూపు అనే మాట ఆవిడకి వర్తించదు, నిజమే. కానీ ఆఖరిసారి వెళ్లి కాళ్లు తాకి రావడం అనేది ఒకటుంటుంది కదా. అదీ దక్కలేదు.

ఆ కార్డు పెట్టినవాళ్లని తప్పు పట్టను. దుఃఖంలో ఉన్న ఇల్లు. ఎవరో కుర్రాడు ఫోనులో కార్డు తయారుచేసి పెట్టాడు. ఇప్పుడందరూ చేసే పద్ధతే. నేను అనేది ఆ పద్ధతి గురించి. శుభలేఖ బొమ్మే, ఓణీల ఫంక్షను బొమ్మే, సంవత్సరీకం బొమ్మే, అపార్టుమెంటులో నీళ్లు రావన్న సంగతీ బొమ్మే, స్కూలు సెలవు కాగితమూ ఫొటోయే. మాటలుగా పుట్టినదాన్ని తీసుకెళ్లి బొమ్మలో పూడ్చి, ఆ బొమ్మని పంచుతున్నాం. ఇదివరకు పిలుపంటే బొట్టు పెట్టి నోటితో చెప్పేవాళ్లం. పక్కింటి ముసలావిడకి చెవుడైతే గట్టిగా చెప్పేవాళ్లం. చూపు లేకపోతే చెయ్యి పట్టుకుని చెప్పేవాళ్లం. ఎవరికెలా చెబితే అందుతుందో అలా చెప్పడం మన ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఫోను చేతికొచ్చాక ఆ జ్ఞానం ఎక్కడో పెట్టి మర్చిపోతున్నాం.

మా పుట్టింటి వైపు మిరప, పత్తి. అక్కడి రైతుల గ్రూపుల్లో గుంటూరు మిర్చి యార్డు ధరలు రోజూ వస్తాయి. తేజ ఎంత, 341 ఎంత, బాడిగ ఎంత అని. అదీ కాగితం మీద పట్టీ వేసి తీసిన ఫొటో. చూపు మందగించిన పెద్ద రైతు దాన్ని పెద్దది చేసుకుని, కళ్లద్దాలు పైకీ కిందకీ జరుపుకుని, చివరికి మనవణ్ణి పిలుస్తాడు. అవే నాలుగు ధరలు నాలుగు వరసల్లో టైపు చేసి పెడితే ఫోనే చదివి చెబుతుంది. చూపు ఉండి చదువు రానివాళ్లకీ అది చదివి చెబుతుంది. సిగ్నలు సరిగా లేని చోట ఫొటో గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది, మాటలు మాత్రం వచ్చేస్తాయి. నెల తర్వాత "ముహూర్తం ఎప్పుడన్నారు?" అని వెతుక్కుంటే టైపు చేసిన మాట దొరుకుతుంది, కార్డులో మాట దొరకదు. ఒకరి కోసం చేసిన పని అందరికీ అక్కరకొస్తుంది.

ఇంక ఇది ఎంతమంది సమస్య అంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల మందికి పైనే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 4 లక్షలు. అదీ పదిహేనేళ్ల కిందటి లెక్క. ఈ లోపల ఇంటింటికీ షుగరు వచ్చింది. షుగరు ముదిరితే కంటి వెనక పొర దెబ్బతింటుందని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. నీటికాసులు నొప్పి లేకుండా, చెప్పకుండా వస్తాయి. మనలో ఎంతమంది నలభై దాటాక ఏడాదికోసారి కళ్లు చూపించుకుంటున్నాం? పిల్లల కళ్లజోళ్లు మార్పిస్తాం, అత్తగారి శుక్లాలు తీయిస్తాం, మన సంగతి "చూద్దాంలే" అంటాం. అందుకే ఇది ఎవరో వేరేవాళ్ల సమస్య అని నేననుకోను.

"ఇంట్లో చదివిపెట్టేవాళ్లు ఉంటారు కదా" అని ఒకావిడ నాతో అంది. ఉంటారు. ఉన్నా, అదే అసలు బాధ. మా పిన్నికి ఆ మధ్య ఒంట్లో బాగాలేక ఒక పెద్ద ఊళ్లో పరీక్షలు చేయించారు. రిపోర్టు ఫోనుకి పంపించారు. తెరిస్తే అది కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మ. టాక్‌బ్యాక్‌కి అందులో ఒక్క అక్షరం దొరకలేదు. ఆడవాళ్లకి సంబంధించిన సమస్య. కూతురు లేదు. కోడలు ఉద్యోగానికెళ్లింది. కొడుకు చేత చదివించుకుంది. వాడు మంచివాడే, తల దించుకుని చదివాడు, ఆవిడా తల దించుకుని విన్నది. అరవై ఏడేళ్ల వయసులో, జీవితమంతా పిల్లలకి చదవడం నేర్పిన మనిషి తన ఒంటి గురించి తను ముందు తెలుసుకునే వీలు లేకపోయింది. అదే రిపోర్టు కంప్యూటరులోంచి నేరుగా పీడీఎఫ్‌గా పంపి ఉంటే, చెవి దగ్గర ఫోను పెట్టుకుని వినేసేది. చదివిపెట్టేవాళ్లు ఉండటం అదృష్టం. ప్రతిదానికీ వాళ్లే దిక్కు కావడం మాత్రం అదృష్టం కాదు. ఇంటి ఖర్చుకి ప్రతి రూపాయికీ చెయ్యి చాపాల్సిన రోజులు మన అమ్మలు చూశారు. ఆ చెయ్యి చాపడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం, ప్రతి మాటకీ చెయ్యి చాపడం ఎలా ఉంటుందో అర్థం చేసుకోగలం.

చట్టం కూడా ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పత్రికల్లో, టీవీల్లో, కంప్యూటర్లలో వచ్చే సమాచారమంతా అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని దాని 42వ సెక్షను చెబుతోంది. కిందటేడు, అంటే 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మాట అంది. ఆ కేసు వేసినవాళ్లలో ఒకరు ప్రజ్ఞా ప్రసూన్, యాసిడ్ దాడికి గురైన మహిళ. బ్యాంకు పని కోసం ఫోను ముందు కూర్చుని కన్ను ఆర్పి చూపించమంటే, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న మనిషి ఎలా ఆర్పగలదు? చూపు లేని న్యాయవాది అమర్ జైన్ ఇంకో కేసు వేశారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చి చెప్పి, పద్ధతులు మార్చమని ఆదేశాలిచ్చింది. జీవించే హక్కు అంది చూడండి. దయ అనలేదు, సాయం అనలేదు.

కోర్టు బ్యాంకులకీ ఆఫీసులకీ చెప్పగలదు. మా కుటుంబం గ్రూపుకి చెప్పలేదు. అక్కడ చెప్పాల్సింది మనమే.

మన కృష్ణా జిల్లా కుర్రాడి సంగతే చూడండి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా మీద 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత లెక్కలూ సైన్సూ చదువుతానంటే కుదరదన్నారు. ఎందుకట? వాటిల్లో బొమ్మలుంటాయి, గ్రాఫులుంటాయి, చూపు లేనివాడికి కష్టం అని. కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. పాఠాలన్నీ ఆడియోగా మార్పించుకుని విని, పరీక్షల్లో 98 శాతం తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో హైదరాబాదులో సొంతంగా కంపెనీ పెట్టాడు. ఈ కథ చెప్పినప్పుడు అందరూ అతని పట్టుదలనే మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ మొదటి మాట దగ్గరే మనసు ఆగుతుంది. బొమ్మలున్నాయి కాబట్టి నీకు చదువు లేదన్నారు. బొమ్మని నోటితో చెప్పేవాళ్లు దొరకగానే ఆ కష్టం తీరిపోయింది. అంటే అడ్డం బొమ్మ కాదు, చెప్పకపోవడం. అతను కోర్టుకెళ్లగలిగాడు. వెళ్లలేక ఆగిపోయినవాళ్లు ఎంతమందో.

సరే, చెప్పాలి. ఎలా చెప్పాలి? ఇక్కడ మనం ఎవరికీ తీసిపోం. ఫోనులో అక్కకి చీర వర్ణించని చెల్లెలు గుంటూరు జిల్లాలో ఉంటుందా? "నెమలికంఠం రంగు, జానెడు బోర్డరు, పల్లూలో చిలకలు, లోపల సన్న బుటా, మొన్న వదిన కట్టిందే అలాంటిదే కానీ దానికంటే ఒక పిసరు ముదురు." అవతల అక్క ఆ చీర చూడకుండానే కొనమంటుంది. సినిమాకి ఒక్కతే వెళ్లొచ్చి వాకిట్లో పదిమందిని కూర్చోబెట్టి కథ చెప్పిన అత్తయ్యలు మనకి లేరా? ఆల్ట్ టెక్స్ట్ అంటే ఇంతకంటే పెద్ద విద్య కాదు.

అయితే ఒక హద్దుంది. నేను బీఏలో ప్రబంధాలు చదివినదాన్ని. పద్దెనిమిది వర్ణనలుంటే తప్ప అది ప్రబంధం కాదన్నారు మనవాళ్లు. పురవర్ణన, సూర్యోదయం, చంద్రోదయం, వనవిహారం అన్నీ ఉండాలి. ఫొటో వెనక రాసే మాటకి అది పనికిరాదు. అవతలి మనిషి చెవితో వింటోంది. రెండు వాక్యాల్లో అయిపోవాలి. మరి ఏది చెప్పాలి, ఏది వదలాలి? దీనికి నాకు సంజయుడు గుర్తొస్తాడు. వ్యాసుడు ధృతరాష్ట్రుడికి చూపు ఇస్తానన్నాడు, ఆయన వద్దన్నాడు. దాంతో ఆ చూపు సంజయుడికి వచ్చింది. ధృతరాష్ట్రుడు ఏమని అడిగాడు? కురుక్షేత్రం ఎలా ఉంది, ఏనుగులెన్ని, జెండాలు ఏ రంగు అని కాదు. నా కొడుకులూ పాండు కొడుకులూ ఏం చేశారు అని. వినేవాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో అది ముందు చెప్పడం. అంతే సూత్రం.

అందుకే ఒకే ఫొటోకి చోటుని బట్టి మాట మారుతుంది. మా పొన్నూరు సహస్రలింగేశ్వరస్వామి గుడి ఫొటో అనుకోండి. ఊరి గురించి రాసే వ్యాసంలో పెడితే "పొన్నూరు ఆలయంలో 24 అడుగుల ఆంజనేయస్వామి, ఎదురుగా 30 అడుగుల గరుత్మంతుడు" అని రాయాలి. అదే ఫొటో "మేమంతా గుడికెళ్లొచ్చాం" అని గ్రూపులో పెడితే "ఆంజనేయస్వామి ముందు మేం ఆరుగురం, అమ్మ మధ్యలో కుర్చీలో కూర్చుంది, చంటిది ఏడుస్తోంది" అని రాయాలి. "గుడి ఫొటో" అని రాస్తే రెండు చోట్లా పనికిరాదు. "ఫొటో" అని మొదలుపెట్టక్కర్లేదు కూడా, ఆ మాట ఫోనే చెప్పేస్తుంది. ఊరికే అందానికి వేసిన పూలతీగ, గీత లాంటివాటికి ఏమీ రాయనక్కర్లేదు. కంప్యూటరులో అలాంటివాటిని అలంకారం అని గుర్తు పెట్టే వీలుంటుంది, అప్పుడు గొంతు దాన్ని దాటుకుని ముందుకు పోతుంది.

మనుషుల ఫొటోల దగ్గర రంగూ రూపూ చెప్పాలా అని ఒక సందేహం. ఒళ్లు చామనచాయా తెలుపా అనేది నాకైతే అనవసరం. పెళ్లిచూపుల జబ్బు ఇక్కడికీ తేవద్దు. కానీ చీర రంగు, నగలు, నవ్వు తప్పకుండా చెప్పండి. చూపు లేనివాళ్లకి రంగులెందుకు అనుకోకండి. మా పిన్ని అరవై ఏళ్లు రంగులు చూసిన మనిషి. మా మేనకోడలి పెళ్లి ఫొటోల కింద నేను "పసుపు మీద ఎర్రంచు మధుపర్కం, పూలజడ, తలంబ్రాలు పోస్తూ పడీపడీ నవ్వుతోంది, పెళ్లికొడుకు తల మీద చేతులు అడ్డం పెట్టుకున్నాడు" అని రాస్తే, ఆవిడ వెంటనే ఫోన్ చేసి "దాని అమ్మా అంతేనే, పీటల మీద ఒకటే నవ్వు" అని పదినిమిషాలు మాట్లాడింది. "అందమైన జంట" అని రాసి ఉంటే ఈ పదినిమిషాలు ఉండేవి కావు.

వంటలు రాసేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. "ఇదిగో, ఇలా" తీసేసి చూడండి. "ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా" అని రాసే చోట, పచ్చివాసన పోయి తియ్యటి వాసన వచ్చేదాకా, గరిటెకి ముక్కలు మెత్తగా జారేదాకా అని కలపండి. పోపులో ఆవాలు చిటపటలాడి ఆగాక అంటే చెవికి తెలుస్తుంది. పాకం చల్లటి నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య ఉండ కట్టాలి అంటే చేతికి తెలుస్తుంది. మన అమ్మమ్మలు పొయ్యి పొగలో, దీపం వెలుగులో వండింది ఇలా ముక్కుతోనూ చెవితోనూ చేత్తోనూ కదా. అలా రాస్తే చూపు ఉన్నవాళ్లకీ వంట బాగా కుదురుతుంది. ఫొటోలో రంగు ఎవరి ఫోనులో ఒకలా కనబడుతుంది, చేతికి తెలిసే ఉండ అందరికీ ఒక్కటే.

ఎక్కడ రాయాలో కూడా చెబుతాను. వాట్సాప్‌లో ఫొటో పంపేటప్పుడు కింద వాక్యం రాసే చోటు ఉంటుంది, అక్కడ రాయండి చాలు. శుభలేఖ అయితే పేర్లు, తేదీ, వేళ, కల్యాణమండపం పేరు టైపు చెయ్యండి. కార్డు అందం ఎక్కడికీ పోదు, కార్డూ పెట్టండి, మాటా పెట్టండి. బ్లాగులో ఫొటో ఎక్కించాక దాని మీద నొక్కితే సెట్టింగుల్లో ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లోనూ ఉంది. వర్డ్ ఫైలులో బొమ్మ మీద మౌసు కుడి బటను నొక్కితే ఆల్ట్ టెక్స్ట్ అన్న మాట కనబడుతుంది. ఏదైనా కాగితం పంపాలంటే ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ ఫొటో తీసి పంపకుండా, నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి. ఇంకొకటి. డీటీపీ సెంటర్లలో వాడే పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్లు కంటికి చక్కటి తెలుగే, చదివే యంత్రానికి మాత్రం అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. సంఘం పుస్తకమో, గుడి కరపత్రమో వేయిస్తున్నప్పుడు "యూనికోడ్‌లో చెయ్యండి" అని ఒక్క మాట అడగండి.

"ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, అదే చెబుతుందిలే" అంటాడు మా అబ్బాయి. నిజమే, కొత్త ఫోన్లు బొమ్మ చూసి ఏముందో చెబుతున్నాయి, పిన్ని కూడా వాడుతుంది. చేతిలో మాత్రల డబ్బా ఏమిటో చూపించి తెలుసుకుంటుంది. మంచిదే. కానీ మా మేనకోడలి పెళ్లి ఫొటో దానికి చూపిస్తే "సంప్రదాయ దుస్తుల్లో ఇద్దరు వ్యక్తులు, చుట్టూ పూలు" అంది. ఆ పిల్ల ఎవరో, ఆ నవ్వు వాళ్లమ్మ నవ్వని దానికేం తెలుసు? ఫొటో ఎందుకు పెట్టామో పెట్టినవాళ్లకే తెలుసు. పైగా ఏ ఫోనైనా తెలుగు అచ్చుని, అందులోనూ మెలికలు తిప్పిన శుభలేఖ అక్షరాల్ని తప్పుగా చదివితే ముహూర్తం తారుమారవుతుంది. యంత్రం ఉంది కదా అని మన వంతు మానేయడానికి అది కారణం కాదు.

మా ఊరి భావనారాయణస్వామిని సాక్షి భావనారాయణుడు అంటారు. ఇచ్చిన మాట తప్పబోతే సాక్ష్యం చెప్పడానికి స్వామి వచ్చి నిలిచాడని స్థలపురాణం. సాక్షి అన్న మాటలోనే అక్షి ఉంది, కన్ను. కళ్లారా చూసినవాడే సాక్షి. కానీ చూసి ఊరుకుంటే ఆ స్వామికి ఆ పేరు వచ్చేది కాదు. చూసింది చెప్పాడు కాబట్టి వచ్చింది. మనకి కళ్లున్నాయి, రోజుకి పది ఫొటోలు పంపుతున్నాం. చూసింది చెప్పడానికి పట్టేది అర నిమిషం.

మా గ్రూపులో ఇప్పుడు పన్నెండుమందిమి రాస్తున్నాం. మిగతావాళ్లు ఇంకా రాయరు, చెప్పగా చెప్పగా రాస్తారు. ఈ రాత్రి మీరు మీ గ్రూపులో ఏ ఫొటో పెట్టినా కింద ఒక వాక్యం రాసి చూడండి. మీ గ్రూపులో చూపు లేనివాళ్లెవరూ లేరని మీకు నమ్మకమైనా సరే, రాయండి. చూపు తగ్గుతోందని ఇంకా ఎవరికీ చెప్పుకోని మనిషి అందులో ఒకరైనా ఉండొచ్చు.